విప్పి అతికించిన కవర్లు

కథ ఎక్కడ ఆగిందో గుర్తుందా? లేనివాళ్ళ కోసం, పోయినవారం పత్రికని పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి ఇంకా తిరిగివ్వనివాళ్ళ కోసం, నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. గుర్తున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఆరోగ్యకేంద్రం వెనక హాల్లో ప్రతి గురువారం నాలుగింటికి ఒక కూటం జరుగుతుంది. తాగుడు, మత్తుబిళ్ళలు, జిగురు వాసన పీల్చడం, ఏదో ఒకదాన్నించి బయటపడ్డవాళ్ళు, పడుతున్నవాళ్ళు, పడలేక మళ్ళీ మొదటికొచ్చినవాళ్ళు అక్కడ గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఎవరికీ అసలు పేరుండదు. కూటం పెట్టిన ముద్దుపేరే పేరు. నడిపేది నర్సక్క. ఒకప్పుడు పెద్దాసుపత్రిలో నర్సు. ఇప్పుడు భుజాన బీపీ మిషను వేసుకుని వీధి వీధీ తిరిగే ఆరోగ్య కార్యకర్త. తొమ్మిదేళ్ళుగా మత్తు ఇంజెక్షను ముట్టని మనిషి.

పేర్లు లేని ఆ హాల్లో ఒక రేకు పెట్టె ఉంది. చేరిన ప్రతివాళ్ళూ ఒక కాగితం మీద తమ అసలు పేరూ, చేసే పనీ, తాము కనబడకపోతే ఎక్కడ వెతకాలో, ఎవరిని అడగాలో రాసి, కవర్లో పెట్టి అతికించి, పైన ముద్దుపేరు రాసి అందులో వేస్తారు. ఆ మనిషి వరసగా రెండు గురువారాలు రాకపోతే మూడో గురువారం కవరు విప్పి వెతుక్కుంటూ వెళ్తారు. అలా వెళ్ళబట్టే ఇప్పటికి ఆరుగురు బతికారు. అంతవరకూ ఆ కవరు విప్పే హక్కు ఎవరికీ లేదు. పెట్టెకి తాళంచెవులు రెండు. ఒకటి నర్సక్క మెళ్ళో, రెండోది ఆదివారం కూటం నడిపే మేష్టారి జేబులో.

మూడు వారాల కిందట బస్సు డిపోవాళ్ళు ముగ్గురు డ్రైవర్లని పిలిచి, "మీరు తాగుబోతుల కూటానికి వెళ్తున్నారట" అని ముఖం మీదే అని ఉద్యోగంలోంచి తీసేశారు. కూటంలో వాళ్ళ పేర్లు హారన్, స్టీరింగు, గేరు. వీళ్ళ అసలు పేర్లు డిపోకి ఎవరిచ్చారు? పెట్టె నర్సక్క చేతిలో ఉంటుంది కాబట్టి వేళ్ళన్నీ ఆవిడ వైపే తిరిగాయి. పోయినవారం చివర, పెట్టె దులుపుతున్న కూటం మనిషి కుట్టుమామ ఒక కవరు ముక్కు దగ్గర పెట్టుకుని కొయ్యబారిపోయాడు. "అక్కా, ఇది మన మైదా జిగురు కాదు. చెప్పులు అతికించే సొల్యూషన్. ఎవరో విప్పి, మళ్ళీ అతికించారు" అన్నాడు. అక్కడ ఆపాను. ఆపినందుకు మీరు నన్ను తిట్టుకునే ఉంటారు.

ఇక ఈ వారం సంగతి.

కుట్టుమామ మాట నర్సక్క నమ్మలేదు. నమ్మకుండా ఉండడానికి ఆవిడ చెయ్యని ప్రయత్నం లేదు. ఎలకలేమో అంది. ఎలకలు విప్పుతాయి గానీ అతికించవు కదక్కా అన్నాడు మామ. తాళం నాసిరకందేమో అని జడపిన్నుతో తిప్పి చూసింది. పిన్ను విరిగింది, తాళం రాలేదు. నీ ముక్కుకి వయసైపోయింది మామా అని కూడా అంది పాపం.

ఆ మాటకి మామకి రోషం వచ్చింది. ఆయన చెప్పులు కుట్టేవాడు. ఇరవై ఏళ్ళు సొల్యూషన్ వాసన పీల్చి, పెళ్ళాన్నీ ఊపిరితిత్తులనీ సగం సగం పోగొట్టుకుని, ఆరేళ్ళ కిందట మానేశాడు. మానేసిన రోజునించీ ఆయన దుకాణంలో కుట్టు తప్ప అతుకు లేదు. అడుగు ఊడిన చెప్పు తెచ్చి అతికించమంటే దారం, సూది చూపిస్తాడు, లేదంటే వేరే కొట్టుకి పొమ్మంటాడు. ఆయన లాంటివాళ్ళు ఇంకో ఇద్దరున్నారు కాబట్టే కూటం గుమ్మంలోకి సొల్యూషన్, పెయింటు, వైట్‌నరు రాకూడదని కట్టడి. కవర్లు అతికించడానికి మైదాపిండి ఉడకబెట్టి గిన్నెలో పెడతారు. "కలుపు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు కలుపు" అని మామ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నర్సక్క ముప్పై కవర్లూ కలిపి ఒక్కొక్కటే అందించింది. మూడు తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ కలిపింది. మళ్ళీ అవే మూడు. హారన్, స్టీరింగు, గేరు.

"తాళంచెవులు రెండే కదక్కా" అన్నాడు మామ, నేల చూపులు చూస్తూ.

"రేపు నాలుగింటి దాకా ఈ మాట నీ నోట్లోనే ఉంచు మామా" అంది నర్సక్క. అది బుధవారం సాయంత్రం.

గురువారం పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఆవిడకి పదకొండు ఇళ్ళున్నాయి. తొమ్మిది ఇళ్ళలో బీపీలు చూసింది, ఒక బాలింత కాళ్ళ వాపు చూసి ఆసుపత్రికి చీటీ రాసింది, ఒక ముసలాయన మాత్రలు మానేసి దిండు కింద దాస్తున్నాడని కనిపెట్టి నాలుగు చీవాట్లు పెట్టింది. పదో ఇల్లు గేరుది. వాళ్ళావిడకి ఏడో నెల.

తలుపు సగమే తీసింది ఆ పిల్ల. "నీ మిషనూ వద్దు, నువ్వూ వద్దు. మా ఆయన నిన్ను సొంత అక్క అనుకున్నాడు. ఏం పాపం చేశామని మా కడుపు కొట్టావు?"

"అమ్మా, నేను కాదు..."

"మరి ఎవరు? చెప్పు. ఎవరు?"

తెలిసీ తెలియని ఆ పేరు ఎలా చెప్తుంది నర్సక్క? తలుపు ధడాలున మూసుకుంది. మెట్ల మీదే ఒక్క నిమిషం కూర్చుంది. తొమ్మిదేళ్ళలో ఏ ఇంటి తలుపూ ఆవిడ ముఖాన మూసుకోలేదు. ఒంటి మీద తెల్లకోటు లేకపోయినా, చేతిలో పెద్ద డిగ్రీ లేకపోయినా, ఈ వీధుల్లో ఆవిడకి ఉన్న ఆస్తి ఆ తలుపులే. పదకొండో ఇంటికి వెళ్ళకుండా నేరుగా కేంద్రానికి నడిచింది.

మేష్టారి గది మందుల గది పక్కన. గోడకి పిల్లల ఎత్తు కొలిచే పట్టీ, మూలన బరువు తూచే మిషను, టీకాల ఫ్రిజ్జు గురగుర. డెబ్బై ఏళ్ళ మనిషి, ఉతికి ఆరేసినట్టుంటాడు. బళ్ళో లెక్కలు చెప్పిన చెయ్యి కాబట్టి ఏ పని చేసినా వరస తప్పదు. ఇరవై రెండేళ్ళ కిందట తాగుడు మానేసి, ఈ ఊళ్ళో మొట్టమొదటి కూటం పెట్టింది ఆయనే. ఆదివారం కూటం ఆయనది, గురువారంది నర్సక్కది. ఆవిడని మత్తులోంచి లాగి మనిషిని చేసిందీ ఆయనే. ఆ సమయానికి విరేచనాలకి ఇచ్చే పొడి ప్యాకెట్లు పదేసి చొప్పున లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేస్తున్నాడు.

"రామ్మా. ఎండన పడి వచ్చావు, మంచినీళ్ళు తాగు."

"మేష్టారూ, మీ తాళంచెవి ఎప్పుడైనా ఎవరికైనా ఇచ్చారా?"

"ఎవరికిస్తానమ్మా? ఇదిగో, ఇక్కడే ఉంది." జేబు తట్టి చూపించాడు.

ఇచ్చానని అంటాడేమోనని ఆవిడ ఎంత ఆశపడిందో మీకు చెప్పలేను. ఎక్కడో పారేసుకున్నానమ్మా, నాలుగు రోజులు కనబడలేదు అని ఒక్క అబద్ధం ఆడినా చాలు, పిచ్చి మొహంది, నమ్మేసి ఇంటికి వెళ్ళిపోయి హాయిగా ఏడ్చుకునేది. ఆయన ఆ మాత్రం దయ కూడా చూపించలేదు.

"మూడు కవర్లు ఎవరో విప్పారు" అంది.

మేష్టారి చేతిలో ప్యాకెట్లు ఏడు దగ్గర ఆగాయి. "ఎలా తెలిసింది?"

ఏమీ తెలియనివాడైతే ముందు ఎవరు అని అడుగుతాడు. ఎలా తెలిసిందని అడగడు. నర్సక్క బరువు మిషను మీదే కూలబడింది. ముల్లు యాభై నాలుగు చూపించింది.

"సొల్యూషన్ పెట్టి అతికించారు మేష్టారూ. కుట్టుమామ పట్టేశాడు."

"అరెరే!" నుదురు కొట్టుకున్నాడాయన. "మైదా జిగురు... అవును కదూ! నాకు తట్టనే లేదు. మా అల్లుడు పంక్చర్లకి వాడే ట్యూబు ఇంట్లో కనబడితే అదే రాశాను. తాగిన ముక్కు నాది, దానికి ఆ వాసన తేడా ఏం తెలుస్తుంది? ఎంత తెలివితక్కువ పని!"

అదండీ మాట. ఆయన బాధంతా జిగురు గురించి.

నర్సక్కకి ఒళ్ళు మండిపోయింది. "జిగురు సంగతి తర్వాత. విప్పడమేంటి మేష్టారూ? కవరు విప్పకూడదన్న కట్టడి ఎవరు పెట్టారు? మీరు కాదూ? నేను చేరిన రోజున నా చేత కవరు రాయించి, 'ఇది నీ ప్రాణం తల్లీ, నువ్వు తప్పిపోతే తప్ప దీన్ని దేవుడు కూడా విప్పడు' అని చెప్పింది మీరు కాదూ?"

"కూర్చోమ్మా."

"కూర్చునే ఉన్నాను."

"నేను చెప్పేది విను. నువ్వే నా దగ్గరికి వచ్చావు. నెలా పది రోజులైంది. ఇదే గదిలో, ఆ మిషను దగ్గరే నిలబడ్డావు. 'మేష్టారూ, మన గురువారం మనిషొకడు తాగి స్టీరింగు పట్టుకున్నాడట. నా దగ్గర ఏడ్చాడు. పేరు చెప్పను. ఏం చెయ్యను?' అన్నావా లేదా?"

అంది. నిజమే.

చూడండి, ఈ లోకంలో ఎవరైనా సలహా అడిగితే పేర్లతో సహా అడుగుతారు. కూటంవాళ్ళకి ఆ అలవాటే లేదు. పేరు చెప్పకపోతే చాలు, ఏం చెప్పినా రహస్యం చెదరదని వాళ్ళ నమ్మకం. పేరు దాచానని నర్సక్క నిశ్చింతగా పడుకుంది. పేరు లేని ఆ మాట మేష్టారి బుర్రలో పడి పురుగై తొలిచింది.

"నువ్వు పేరు చెప్పి ఉంటే ఒక్కణ్ణే ఆపేవాణ్ణి" అన్నాడాయన, గొంతు తగ్గించి. "నువ్వు చెప్పవని తెలుసు. అందుకే పెట్టె తీశాను. ముప్పై కవర్లు విప్పే పాపం చెయ్యలేక, పేర్లు చూశాను. హారన్. స్టీరింగు. గేరు. డ్రైవర్లు కాక ఇంకెవరై ఉంటారు? విప్పితే ముగ్గురూ ఒకే డిపో. ముగ్గురిలో ఎవడో తెలీదు. ముగ్గుర్నీ దింపేస్తే ఆ ఒక్కడూ దిగుతాడు కదా అనుకున్నాను."

"అనుకుని?"

"డిపోలో భద్రత చూసే ఆయన నా పాత విద్యార్థి. మూడు పేర్లూ చెప్పాను. కొన్నాళ్ళు వేరే పనిలో వెయ్యమన్నాను తల్లీ, తీసెయ్యమనలేదు. వాళ్ళు తీసేశారు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బస్సులో నలభై మంది ఉంటారు. నేను తాగి స్కూటరు నడిపి మా ఆవిడ కాలు తీయించినవాణ్ణి. పాతికేళ్ళుగా ఆవిడ ఆ చెక్క కాలు వేసుకుని వంటింట్లో నడుస్తుంటే టక్కు టక్కుమని వింటున్నాను. నీకేం తెలుసమ్మా ఆ చప్పుడు?"

నర్సక్కకి జాలి వేసింది. వేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఇంత మోసం చేసిన మనిషి ముందు మనసు కరగడం ఏమిటని పళ్ళు బిగబట్టింది.

"నాకు ఇంకో సంగతి తెలుసు మేష్టారూ. తొమ్మిదేళ్ళ కిందట పెద్దాసుపత్రిలో ఇద్దరు రోగులకి రాసిన మందు సగమే ఎక్కించి, మిగతా సగం నేను ఎక్కించుకున్నాను. ఆపరేషనై నెప్పితో గిలగిల్లాడుతున్న మనుషులు వాళ్ళు. సూపరింటెండెంటు నా పేరు రాసి పైకి పంపిస్తానంటే, మీరు ఆయన బల్ల ముందు గంటన్నర నిలబడ్డారు. 'పేరు రాయకండి, పేరు రాస్తే ఈ పిల్ల చచ్చిపోతుంది, నాకు వదిలెయ్యండి' అని బతిమాలారు. నేను తలుపు బయట నించుని విన్నాను. ఆ రోగులకి ప్రమాదం లేదా? అప్పుడెందుకు దాచారు నా పేరు?"

మేష్టారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "నువ్వు మా అమ్మాయి వయసు దానివి. ఆ రోజు నిన్ను చూస్తే మా అమ్మాయే కళ్ళ ముందు కనబడింది."

"హారన్‌ని చూస్తే ఎవరూ కనబడలేదా?"

మేష్టారు మళ్ళీ ప్యాకెట్లు చేతిలోకి తీసుకున్నాడు.

"సరే, పేర్లిచ్చారు. తప్పో ఒప్పో మీ బాధ మీది. మూడు వారాలుగా అందరూ నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారు. కూటం ముప్పై ఒక్కమంది నించి పధ్నాలుగుకి పడిపోయింది. స్టీరింగు నాలుగేళ్ళు శుభ్రంగా ఉండి, ఉద్యోగం పోయిన సాయంత్రమే తాగాడు. మొన్న లేచి నించుని తన రోజుల లెక్క చెప్పేటప్పుడు 'పదకొండు' అని తల దించుకున్నాడు. నాలుగేళ్ళు చెప్పాల్సిన నోటితో. ఆ రోజు మీరు అతిథిగా వచ్చి నా పక్క కుర్చీలోనే కూర్చున్నారు. నేను ఏడుస్తుంటే నా వీపు నిమిరారు. 'ఓర్చుకో తల్లీ, నిజం ఎక్కడికీ పోదు' అన్నారు. ఆ చెయ్యి ఎలా వచ్చింది మేష్టారూ మీకు?"

"చెప్పేద్దామనే అనుకున్నాను..."

"ఎప్పుడు? నేను కూడా మళ్ళీ మత్తులో పడ్డాకా?"

"కూటం చెదిరిపోతుందని భయపడ్డాను. నన్ను చూసి నమ్మకం పెట్టుకున్నవాళ్ళు రెండొందల మంది ఉన్నారమ్మా. నేను పడితే వాళ్ళూ పడతారు. నువ్వయితే... నువ్వు గట్టిదానివి. తట్టుకుంటావనుకున్నాను."

ఇది విన్నాక నర్సక్కకి ఏడుపు కూడా ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆయన నోట 'గట్టిదానివి' అన్న మాట కోసం ఆవిడ పడిన తాపత్రయం అంతా ఇంతా కాదు. ఆ మాట చివరికి ఇందుకు పనికొచ్చింది, తన నెత్తిన నింద మోపడానికి.

"ఒక్క సంగతి చెప్తాను, వినండి" అంది లేచి నించుని. "ఆ ముగ్గురిలో వాడు లేడు."

"ఏమిటి?"

"తాగి బండి నడిపానని నా దగ్గర ఏడ్చినవాడు ఆ ముగ్గురిలో లేడు. డ్రైవరయిన ప్రతివాడికీ హారనని పేరు పెడతామా? వాడి పేరు తాబేలు. మాట నెమ్మది కాబట్టి తాబేలు. వాడి సంగతి నేను అప్పుడే చూసుకున్నాను. జ్వరమని చెప్పించి నాలుగు రోజులు బండి తాళాలు నా దగ్గర పెట్టుకున్నాను. ఆ తర్వాత రోజూ పొద్దున్న పనిలోకి వెళ్ళేముందు నా గుమ్మంలో నిలబెట్టి నోరు వాసన చూసి పంపించాను. వాడు మళ్ళీ చుక్క ముట్టలేదు. పేరు బయటపడకుండా, ఎవరి అన్నంలోనూ మట్టి కొట్టకుండా, ఈ పని ఇలా చెయ్యొచ్చని నేర్పింది కూడా మీరే."

ముగ్గురూ ఏ పాపం ఎరగనివాళ్ళే. చేసిన పని మొత్తం ఎందుకూ కొరగానిదై పోయింది.

"హారన్ వచ్చి, మా పేర్లు ఎవరో అమ్మేశారు అని చెప్పిన రోజున తాబేలు తల ఎత్తలేదు. తను నోరు విప్పడం వల్లే వాళ్ళకి ఇలా అయిందని లెక్క కట్టుకునే ఉంటాడు. మర్నాటినించి నా గుమ్మానికి రాలేదు. రెండు గురువారాలు కూటానికీ రాలేదు. ఫోను ఎత్తడు. ఇవాళ మూడో గురువారం." ఆవిడ మెళ్ళోంచి తాళంచెవి తీసింది. "పదండి. తిట్టుకోవడం తర్వాత. మనిషి ముందు."

కట్టడి ప్రకారం ఒకరు విప్పాలి, ఇంకొకరు చదవాలి. విప్పినవాళ్ళు చదవకూడదు, చదివేవాళ్ళు విప్పకూడదు. ఇన్నేళ్ళలో ఆరుసార్లు ఆ పని వాళ్ళిద్దరూ చేశారు. ఏడోసారి చేస్తున్నప్పుడు మాత్రం నర్సక్క ఆయన ముఖం చూడలేదు. హాల్లోంచి తెచ్చిన పెట్టెలోంచి తాబేలు కవరు తీసి అంచు పట్టుకుని లాగింది. ఎండిన మైదా జిగురు పొట్టులా రాలింది. లోపలి కాగితం అందించింది. మేష్టారు కళ్ళజోడు సర్దుకుని మడత తీశాడు.

"పేరు..." అని చదవడం మొదలుపెట్టి ఆగిపోయాడు.

"చదవండి."

చదవలేదు. నర్సక్క విసుగ్గా ఆయన చేతిలోంచి లాక్కుని తనే చదివింది. పేరు ఆవిడకి కొత్తే. మిగతాది ఇలా ఉంది:

'బడి పిల్లల వ్యాను నడుపుతాను. నేను రాకపోతే రైల్వే గూడ్సు షెడ్డు వెనక పాత నీళ్ళ ట్యాంకు దగ్గర చూడండి. తాగితే అక్కడే ఉంటాను. మా ఆవిడకి చెప్పండి. మా మావగారికి మాత్రం దయచేసి చెప్పకండి. ఆదివారం కూటం ఆయనదే. అందుకే నేను గురువారం వస్తున్నాను. పరాయివాళ్ళందర్నీ బాగుచేసే మనిషి, ఇంట్లో అల్లుడు ఇలా అని తెలిస్తే తట్టుకోలేడు.'



"ఇంజను పని చేయించాలి, పక్క ఊరు వెళ్ళొస్తానన్నాడు మా అమ్మాయితో" అన్నాడు మేష్టారు, ఎవరితోనో అన్నట్టు. "పన్నెండు రోజులైంది. వ్యాను ఇంటి ముందే ఉంది. వ్యాను లేకుండా ఇంజను పనేమిటని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నా మనవరాలు రోజూ ఆ వ్యానులోనే బడికి..." ఆగిపోయాడు.

తర్వాత ఆయన చేసిన పని నర్సక్క ఊహించనిది. రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"తల్లీ, నీకు దణ్ణం పెడతాను. వాడి పేరు ఈ గది దాటకూడదు. బడివాళ్ళకి తెలిస్తే వాడికి ఇంక బండి ఇవ్వరు. మా అమ్మాయి బతుకు బజారున పడుతుంది. వాడు మంచివాడమ్మా. బాగుపడుతున్నాడని నువ్వే అన్నావు కదా."

ముగ్గురి పేర్లు పట్టుకెళ్ళి డిపోలో ఇచ్చిన మనిషి ఈయనేనా? నర్సక్కకి నవ్వొచ్చింది. అది నవ్వు కాదు, ఏడుపుకీ అసహ్యానికీ మధ్య ఎక్కడో పుట్టిన చప్పుడు. మెల్లిగా చెయ్యి విడిపించుకుంది.

"గేరు వాళ్ళావిడకి ఏడో నెల మేష్టారూ. ఇందాక నా ముఖాన తలుపేసింది. వాళ్ళ బతుకు ఏ బజారున పడింది?"

హాల్లో గడియారం నాలుగు కొట్టింది.

పధ్నాలుగు కుర్చీల్లో పదకొండే నిండాయి. కుట్టుమామ గోడవారన కూర్చుని నర్సక్క ముఖంలో ఏం రాసుందో చదువుతున్నాడు. హారన్, స్టీరింగు, గేరు పక్కపక్కనే ఉన్నారు. ఉద్యోగాలు పోయినప్పటినించీ ముగ్గురూ ఒక్క మాటే, ఒక్క దారే. నర్సక్క లోపలికి వస్తూనే గేరు ముఖం తిప్పేసుకున్నాడు. అది చూసి ఆవిడ మనసు చివుక్కుమంది. అందరికీ నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. అంతలో మేష్టారు ఆవిడని దాటుకుని ముందుకి వచ్చి నిలబడ్డాడు. బళ్ళో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు. అందులో వణుకు లేదు.

"తాబేలు రెండు వారాలుగా లేడు. కవరు విప్పాం. గూడ్సు షెడ్డు వెనక వెతకాలి. చీకటి పడకముందే వెళ్ళాలి. నలుగురు మనుషులు కావాలి. ఎవరొస్తారు?"

అంతే. ఇంకొక్క ముక్క లేదు. తాబేలు ఎవరో లేదు, తను వాడికి ఏమవుతాడో లేదు, తను చేసిందేమిటో అసలే లేదు. నర్సక్క నిర్ఘాంతపోయి చూసింది. కూటం ముందు నిలబడి, కూటం కట్టుబాటునే చేతిలో పట్టుకుని, ఇంకోసారి మోసం చేస్తున్నాడు ఈ మనిషి.

ముందుగా లేచింది హారన్. "షెడ్డు వెనక దారి నాకు బాగా తెలుసు మేష్టారూ. ఒకప్పుడు నా అడ్రసు కూడా అదే" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన వెనక స్టీరింగు లేచాడు, చొక్కా చేతులు మడుచుకుంటూ. గేరు కూడా లేచాడు. "పదండి. ఎలాగూ మాకు డ్యూటీల్లేవు కదా" అన్నాడు.

కుట్టుమామ కూర్చున్నచోటే గట్టిగా దగ్గాడు. నర్సక్క ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపింది, ఆగమన్నట్టు. ఎందుకు ఆగమందో ఆవిడకే తెలియదు. ఇప్పుడు నోరు విప్పితే ఈ ముగ్గురూ వెనక్కి తగ్గుతారేమో, ఆ ట్యాంకు దగ్గర పడున్న మనిషి ప్రాణం పోతుందేమో. విప్పకపోతే, వెళ్ళేది ఎవరి ఇంటి మనిషిని వెతకడానికో తెలియకుండానే వెళ్తారు. ఆయన వాళ్ళకి చేసిన ద్రోహంలో ఇక తనకీ వాటా ఉంటుంది.

ఆ ముగ్గురూ, వాళ్ళతో మేష్టారూ గుమ్మం దాకా వచ్చారు. మేష్టారికి మెట్టు దిగడం కష్టమని హారన్ ఆయన చంకకింద చెయ్యి వేశాడు. దిగబోయేవాడల్లా ఏదో గుర్తొచ్చినట్టు ఆగి వెనక్కి తిరిగాడు.

"అక్కా, ఒక్క మాట. నిన్ను అనుమానించాను, కాదనను. కానీ మూడు వారాలుగా నీ ముఖం చూస్తున్నాను కదా, నువ్వు కాదని నాకు అనిపిస్తోంది. అదేదో తేలితే గుండె మీంచి బరువు దింపుకుని వెళ్తాను. మా పేర్లు డిపోకి ఇచ్చిందెవరో తెలిసిందా?"

హాలంతా నర్సక్క వైపు తిరిగింది. ఆవిడ మేష్టారి వైపు చూసింది. మేష్టారు నేల చూపులు చూస్తున్నాడు. హారన్ చెయ్యి ఇంకా ఆయన చంకకిందే ఉంది, పడిపోకుండా పట్టుకుని.